తీర్మానాల పుస్తకం ముందు తెరవకు

చి. రమకు పెద్దమ్మ ఆశీస్సులు.

బడుల్లో తల్లిదండ్రుల కమిటీలు ఎలా పనిచేస్తున్నాయో చూసి నివేదిక రాసే పని నీకిచ్చారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత గర్వంగా ఉందో! రోజుకు నాలుగు బడులు చుట్టేస్తావట, అదే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. బడికి ఒక రోజైనా ఇవ్వు తల్లీ.

చట్టం నీకు తెలిసిందే. 2009 విద్యాహక్కు చట్టం, 21వ సెక్షన్: సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి ఎలా నడుస్తోందో, గ్రాంటు ఎలా ఖర్చవుతోందో చూడటం వాళ్ల పని. తలల లెక్క పది నిమిషాల్లో తేలిపోతుంది.

నేను పనిచేసిన ఒక ఊరికి ఇలాగే ఒక బృందం వచ్చింది. హెడ్మాస్టరు గదిలో కూర్చుని తీర్మానాల పుస్తకం తిరగేశారు. నెలనెలా సమావేశం, కోరం, సంతకాలు, వేలిముద్రలు అన్నీ ఉన్నాయి. చురుకైన కమిటీ అని రాసుకుని వెళ్లారు. ఆ పుస్తకం ఆయా చేత ఇంటింటికీ తిప్పించి సంతకాలు పెట్టించేవారు! సమావేశమేమో పగలు పదకొండింటికి. నాట్ల రోజుల్లో కూలి వదులుకుని ఎవరొస్తారు? వచ్చిన ఒకరిద్దరు తల్లులు గుమ్మం దగ్గరే నిలబడేవారు. వాళ్లలో ఒకామె గుడ్లు సరిగ్గా ఇవ్వడం లేదని మళ్లీ మళ్లీ అడిగింది. ఆ మాట పుస్తకంలోకి ఎక్కనే లేదు. బృందంలో ఒక్కరైనా ఆమె గడప దాకా వెళ్లలేదు. ఆ తర్వాత ఆమె ఎప్పుడు నోరెత్తినా ఆ నివేదికే చూపించి కూర్చోబెట్టారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నువ్వు పొద్దుగూకాక, వాళ్లు పనినుంచి వచ్చాక వెళ్లు. వెంట టీచర్లెవరూ వద్దు. "కమిటీ బాగుందా?" అని అడిగితే బాగుందనే అంటారు, పిల్ల ఆ బడిలోనే చదవాలి కదా. "కిందటిసారి ఏమడిగారు? ఏమైంది?" అని అడుగు. ఆ ఒక్క ఫిర్యాదునీ పట్టుకుని రిజిస్టరు దాకా, మండల విద్యాధికారి ఆఫీసు దాకా వెళ్లి ఎక్కడ ఆగిందో చూడు. కమిటీ అడిగినా పైవాళ్లు కదలకపోతే ఆ తప్పు కమిటీ మీద రాయకు.

వంటగదిలోకి మాత్రం తప్పకుండా వెళ్లాలి. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పసివాళ్లు చనిపోయారు. వంటనూనెలో పురుగుమందు కలిసింది. ఆ వార్త చదివాక నేను రిటైరయ్యేదాకా, ఒక ముద్ద నోట్లో పెట్టుకోకుండా పిల్లలకు వడ్డించనిచ్చింది లేదు. నూనె డబ్బా ఎక్కడ పెడుతున్నారు, బియ్యం తూకం ఎవరు చూస్తున్నారు, ఈరోజు రుచి చూసిన తల్లి ఎవరు? సంతకంతో సరిపెట్టుకోక ఆమెతోనే మాట్లాడు.

ఎండలో తిరుగుతావు, మజ్జిగ తాగు. ఎవరైనా టీ ఇస్తే కాదనకు. ఫిర్యాదు చెప్పిన తల్లి పేరు, ఆనవాళ్లు నివేదికలో రాయొద్దు. నువ్వు బస్సెక్కి వచ్చేస్తావు, ఆమె ఆ ఊళ్లోనే ఉండాలి. పై ఆఫీసుకు పంపేముందు ఒకసారి నాకు చదివి వినిపించు.

మీ పెద్దమ్మ