ఎమ్మెల్యే పని అంటే ఏమిటి? దగ్గరుండి చూసిన అనుభవంతో

"డిగ్రీ అయిపోయింది, ఎమ్మెల్యే కావాలని ఉంది. అది కెరీర్‌గా ఎలా ఉంటుంది, రోజూ చేసే పనేంటి" అని అడిగారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రోజుల్లో ఒక ఎమ్మెల్యే గారి దగ్గర ఆయన పదవీకాలం మొత్తం ఆఫీసు పని చూశాను. ఉత్తరాలు, ఫోన్లు, అసెంబ్లీకి కావలసిన కాగితాలు నా బాధ్యత.

అర్హతలు తేలికే. 25 ఏళ్లు నిండాలి, రాష్ట్రంలో ఏదో ఒక నియోజకవర్గంలో ఓటరై ఉండాలి, 10,000 రూపాయల డిపాజిట్ కట్టాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. ఇప్పుడు అభ్యర్థి ఎన్నికల ఖర్చుకు పరిమితి 40 లక్షలు. టికెట్ ఎలా వస్తుందన్నది పార్టీని బట్టి, కులాల లెక్కను బట్టి, అదృష్టాన్ని బట్టి ఉంటుంది. దాని గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

రోజు మాత్రం తెల్లవారకముందే మొదలయ్యేది. మా సార్ నిద్ర లేచేసరికి వరండా నిండిపోయేది. పింఛను ఆగిపోయిన ముసలమ్మ, ట్రాన్స్‌ఫర్ కావాలన్న టీచరు, ఆస్పత్రి బిల్లు పట్టుకుని ముఖ్యమంత్రి సహాయ నిధికి ఉత్తరం అడిగేవాళ్లు, తిరుమల దర్శనానికి సిఫార్సు లేఖ కోసం వచ్చినవాళ్లు. ఆ తర్వాత పెళ్లిళ్లు, పరామర్శలు, శంకుస్థాపనలు. ఇవన్నీ అవసరమే. ఆ ముసలమ్మకు ఎమ్మార్వో ఆఫీసులో మాట చెల్లదు, ఎమ్మెల్యే ఫోన్‌తో చెల్లుతుంది. అలా ఉండడం నాకు బాధగానే ఉండేది.

కానీ మీరు తెలుసుకోవాల్సింది జనం చూడని పని గురించి. మా నియోజకవర్గంలో ఒక ఎత్తిపోతల పథకం మోటార్లు కాలిపోయి ఆయకట్టు ఎండిపోయింది. రైతులు అర్జీలిచ్చారు. మేం నీటిపారుదల శాఖలో ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) రాశాం, ఆయన పై అధికారి ఎస్ఈకి (సూపరింటెండింగ్ ఇంజనీరు) రాశాం, కలెక్టర్‌కు రాశాం. ఫైలు కదల్లేదు. అప్పుడు సార్ అసెంబ్లీలో నక్షత్ర గుర్తు ప్రశ్న, అంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సిన ప్రశ్న, వేద్దామన్నారు. "(అ) ఆ పథకం పనిచేయడం లేదన్న మాట వాస్తవమేనా? (ఆ) అయితే కారణాలేమిటి? (ఇ) ఎప్పటిలోగా పునరుద్ధరిస్తారు?" అని రాసి నోటీసిచ్చాం. ప్రశ్న జాబితాలోకి ఎక్కిన మరుసటి రోజే ఇంజనీర్లు ఊళ్లోకి దిగారు. మంత్రి గారు సభలో జవాబు చెప్పాలంటే కింది నుంచి వివరాలు వెళ్లాలి కదా.

సభలో వచ్చిన జవాబు రెండే ముక్కలు: "అవునండీ. ప్రతిపాదన పరిశీలనలో ఉంది." నక్షత్ర గుర్తు ప్రశ్నకు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. సార్ లేచి, వచ్చే ఖరీఫ్‌కు నీళ్లిస్తారా లేదా చెప్పండని నిలదీశారు. ఇస్తామని మంత్రి గారు అన్నారు. సభలో మంత్రి ఇచ్చిన మాట హామీగా నమోదవుతుంది. అది నెరవేరిందా లేదా అని ప్రభుత్వ హామీల కమిటీ అడుగుతుంది. మోటార్లు వచ్చాయి, ఆ ఖరీఫ్‌లోనే నాట్లు పడ్డాయి.

ఈ దారి ఎందుకు ముఖ్యమంటే, 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం తర్వాత పార్టీ విప్‌ను, అంటే సభలో ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, కాదని ఓటేస్తే సభ్యత్వం పోయే ప్రమాదం ఉంది. బడ్జెట్ పద్దుల్లో చాలావాటిని చర్చ లేకుండానే చివరి రోజు గంపగుత్తగా ఆమోదిస్తారు. ఓటు దగ్గర చేతులు కట్టేసినా, ప్రశ్న అడగడానికి విప్ అడ్డు రాదు. అధికార పక్షంలో ఉన్నా ఆ హక్కు మీదే. పీఏసీ (ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే ప్రజా పద్దుల కమిటీ), అంచనాల కమిటీ లాంటి చోట్ల అధికారులను కూర్చోబెట్టి లెక్కలడగవచ్చు. చాలామంది సభ్యులు ఆ కమిటీలను పట్టించుకోరు. నా దృష్టిలో అది నియోజకవర్గానికి చేసే అన్యాయం.

మా సార్ తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయారు. ప్రచారంలో మోటార్ల మాట ఎత్తినవాళ్లు తక్కువ, "మా ఇంట్లో పెళ్లికి రాలేదు" అన్నవాళ్లు ఎక్కువ. ఈ కెరీర్‌లో ఐదేళ్లకోసారి ఉద్యోగం పోవచ్చు, అందుకు ఇంట్లోవాళ్లు కూడా సిద్ధపడాలి. చేతిలో ఇంకో జీవనాధారం లేకుండా దిగొద్దని గట్టిగా చెబుతాను. డబ్బు లేకపోతే అసాధ్యమని మాత్రం అనుకోకండి. సత్తెనపల్లి నుంచి వావిలాల గోపాలకృష్ణయ్య గారు నాలుగుసార్లు, ఇల్లందు నుంచి గుమ్మడి నర్సయ్య గారు ఐదుసార్లు గెలిచారు. ఇద్దరిదీ సాదాసీదా జీవితమే.

ఇప్పుడే ఏదైనా మొదలుపెట్టాలనుంటే, సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకునే చోటికి వెళ్లి, రాయడం రానివాళ్లకు అర్జీలు రాసిపెట్టండి. ఏ పని ఏ టేబుల్ దగ్గర ఆగుతుందో కొన్ని నెలల్లో తెలిసిపోతుంది. పాత అసెంబ్లీ చర్చల సంపుటాలు దొరికితే ప్రశ్నోత్తరాల భాగం ముందు చదవండి. ఎంపీటీసీ, జడ్పీటీసీ స్థానాలకు 21 ఏళ్లకే పోటీ చేయవచ్చు, అసెంబ్లీ వయసు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.