గాల్‌బ్లాడర్ తీసేశాక కూడా నొప్పి పోలేదు, స్కాన్ నార్మల్ అంటున్నారు. ఏం చేయాలి?

మీ ప్రశ్న ఇదీ: లాప్రోస్కోపీ చేసి గాల్‌బ్లాడర్ తీసి ఎనిమిది నెలలైంది, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి అలాగే ఉంది, అన్నం తినగానే బాత్రూముకు పరుగు, రెండుసార్లు అల్ట్రాసౌండ్ తీస్తే ఏమీ లేదన్నారు, డాక్టరూ ఇంట్లోవాళ్ళూ "గ్యాస్, టెన్షన్" అంటున్నారు.

మూడోసారి అదే స్కాన్‌కు డబ్బు పెట్టకండి. పిత్తనాళం (లివర్ నుంచి పేగుకు పిత్తరసం తెచ్చే గొట్టం) కింది చివర పేగుల్లోని గాలి చాటున ఉంటుంది. అక్కడ ఇరుక్కున్న చిన్న రాయి అల్ట్రాసౌండ్‌లో తప్పిపోవడం మామూలే. ఆపరేషన్ తర్వాత పేగులు ఒకదానికొకటి అతుక్కుంటే అదీ స్కాన్‌లో సరిగ్గా తెలియదు. పొట్ట గోడలో నరం నలిగితే ఏ స్కానూ చూపించదు. రిపోర్టు నార్మల్‌గా వస్తే ఆ యంత్రానికి కనపడే జబ్బు లేదని అర్థం, అంతే.

"గ్యాస్" అనే మాట మీ నోట రానివ్వకండి. మన దగ్గర ఛాతీ నుంచి తొడ దాకా ఏ నొప్పయినా గ్యాసే. పేషెంటే "గ్యాస్ నొప్పండీ" అంటూ లోపలికి వెళితే చీటీ మీద ఎసిడిటీ మాత్ర పాంటోప్రజోల్ పడుతుంది, ఆలోచన అక్కడే ఆగిపోతుంది. అడిగేవారు ఆడవాళ్ళయితే "టెన్షన్" కూడా తోడవుతుంది. ఇది అన్యాయం. బదులుగా రెండే విషయాలు చెప్పండి: నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించండి, ఎప్పుడు మొదలై ఎంతసేపు ఉంటుందో గడియారం లెక్కన చెప్పండి.

వేలితో ఎందుకంటే, రెండు నిమిషాల్లో అయ్యే పరీక్ష ఒకటుంది. కార్నెట్ అనే సర్జన్ 1926లో రాసిపెట్టినది. పైసా ఖర్చు లేదు, అయినా ఓపీలో చేసేవారు తక్కువ. మంచం మీద వెల్లకిలా పడుకోవాలి. బాగా నొప్పి ఉన్న చోట డాక్టరు వేలితో నొక్కి పట్టుకుంటారు. మీరు చేతులు ఛాతీ మీద కట్టుకుని తల, భుజాలు మంచం నుంచి పైకి లేపాలి. పొట్ట కండరం బిగుసుకుంటుంది. నొప్పి లోపలి అవయవానిదైతే బిగిసిన కండరం అడ్డుపడి కాస్త తగ్గుతుంది. తగ్గకపోగా పెరిగితే అది పొట్ట గోడది. కుట్టు పక్కన రూపాయి బిళ్ళంత చోటే నొప్పి, అక్కడ చర్మం గిల్లితే రెండోవైపు కంటే ఎక్కువ మంట, దూది రాస్తే తిమ్మిరి ఉంటే నరం చిక్కుకుందనే అనుమానం గట్టిపడుతుంది. ఆ చోట లిగ్నోకైన్ అనే తిమ్మిరి మందు ఇంజెక్షన్ ఇస్తే పావుగంటలో నొప్పి సగానికి పైగా తగ్గాలి. తగ్గితే కారణమూ దొరికినట్టే, చికిత్సా మొదలైనట్టే. దీనికి సర్జన్ గానీ, పెయిన్ క్లినిక్‌లో మత్తు డాక్టరు గానీ సరిపోతారు. ఎండోస్కోపీల మీద ఎండోస్కోపీలు అక్కర్లేదు.

నొప్పి తీరు వేరేలా ఉంటే దారి వేరు. తిన్న తర్వాతో అర్ధరాత్రో మొదలై, అరగంటకు పైగా ఒకే తీరుగా పట్టేసి, వీపులోకి పాకి, తర్వాత పూర్తిగా వదిలేస్తుందా? అప్పుడు పిత్తనాళాన్ని అనుమానించాలి. నొప్పి వచ్చిన 24 గంటల్లోపే లివర్ ఫంక్షన్ టెస్ట్, లైపేజ్ (పాంక్రియాస్ వాపును చూపే రక్తపరీక్ష) చేయించండి. వారం ఆగి అపాయింట్‌మెంట్ రోజున రక్తం ఇస్తే అంకెలు దిగిపోయి మళ్ళీ "నార్మల్" వస్తుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే. అంకెలు పెరిగితే గ్యాస్ట్రో డాక్టరును ఎంఆర్‌సీపీ (పిత్తనాళాలను చూపే ఎంఆర్ఐ స్కాన్) అడగండి. అదీ తేల్చకపోతే నోటి గుండా గొట్టం పంపి లోపలి నుంచి చేసే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చిన్న రాళ్ళను ఇంకా బాగా పడుతుంది. అన్నీ నార్మల్‌గా ఉండి నొప్పి ఒక్కటే ఉంటే మాత్రం ఈఆర్‌సీపీలో (నోటి గుండా గొట్టం పంపి పిత్తనాళానికి చేసే చికిత్స) నాళం మూతి కోయించుకోవడానికి తొందరపడకండి. 2014లో వచ్చిన ఎపిసోడ్ అనే పరిశోధనలో అలా కోసినవారికి ఉత్తుత్తి చికిత్స పొందినవారి కంటే మేలేమీ జరగలేదు, పైగా పాంక్రియాస్ వాచే ప్రమాదం ఉంది.

బాత్రూము పరుగు సంగతి వేరు. గాల్‌బ్లాడర్ లేనందున పిత్తరసం నిల్వ ఉండక పేగులోకి కారుతూనే ఉంటుంది. మిగిలింది పెద్దపేగుకు చేరి నీళ్ళ విరేచనాలు పట్టిస్తుంది. పిత్తరసాన్ని పట్టి ఉంచే కొలెస్టైరమైన్ పొడి గురించి అడగండి. 4 గ్రాముల ప్యాకెట్, నీళ్ళలో కలిపి తాగాలి, ఎంత అవసరమో డాక్టరే చెప్తారు. కొద్దిరోజుల్లోనే తేడా కనిపిస్తే సమస్య అదే. మిగతా మందులు దీనికి గంట ముందో 4 నుంచి 6 గంటల తర్వాతో వేసుకోవాలి, థైరాయిడ్ మాత్రకైతే కనీసం 4 గంటల ఎడం ఉండాలి. లేకపోతే ఈ పొడి వాటిని ఒంటికి పట్టనివ్వదు.

బొడ్డు దగ్గర కుట్టు చోట నిలబడితే ఉబ్బు వచ్చి పడుకుంటే పోతోందా? హెర్నియా కావచ్చు. నిలబెట్టి, దగ్గించి స్కాన్ చేయమనండి. కుట్టు మానినట్టే మాని, మూడు నాలుగు వారాలకు గడ్డకట్టి నీరో చీమో కారుతూ, మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగకపోతే అది టీబీ జాతి సూక్ష్మజీవి కావచ్చు. పరికరాల శుభ్రతలో లోపం వల్ల మన దేశంలో ఇది వస్తూనే ఉంది. ఆ చీమును మైకోబాక్టీరియా కల్చర్‌కు పంపమని అడగాలి. మామూలు కల్చర్‌లో అది దొరకదు.

చలిజ్వరం, కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగు, మలం తెల్లబడటం, వాంతులతో పాటు గాలి కూడా పోకపోవడం, వీటిలో ఏది వచ్చినా ఓపీ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్ళండి.

ఇక కాగితాలు. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే చాలదు, అందులో "అన్‌ఈవెంట్‌ఫుల్" (ఇబ్బందేమీ రాలేదు) అని ఒక ముక్క తప్ప సమాచారం ఉండదు. ఆపరేషన్ నోట్స్, గాల్‌బ్లాడర్ బయాప్సీ రిపోర్టు అడగండి. తీసేటప్పుడు గాల్‌బ్లాడర్ చిరిగి రాళ్ళు పొట్టలో చెల్లాచెదురైతే ఆపరేషన్ నోట్స్‌లోనే రాసి ఉండాలి. జారిన రాయి చుట్టూ నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ళ తర్వాత చీము పట్టవచ్చు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి, వాటిని 3 ఏళ్ళు దాచాలి. కాబట్టి రాతపూర్వకంగా అడిగి, మీ కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. "ఏమీ లేదు, వెళ్ళండి" అన్నప్పుడు కూడా ఏయే జబ్బుల కోసం చూసి లేవని తేల్చారో చీటీ మీద రాయమని మర్యాదగా అడగండి. రాయడానికి పెన్ను పట్టుకున్నప్పుడే చాలామంది డాక్టర్లు మీ పొట్ట మీద చెయ్యి వేసి మళ్ళీ చూస్తారు.