సమాధానం: ప్రింటర్ పెడితే ‘అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్’, కోడ్ 43

ప్రింటర్ తగిలించగానే కోడ్ 43 (పరికరంలో లోపం ఉందని విండోస్ దాన్ని ఆపేసిందని అర్థం) వస్తోంది, డ్రైవర్ మళ్లీ వేసినా పోవట్లేదన్నారు. పోదు మరి. డివైస్ మేనేజర్‌లో ఆ డివైస్ ప్రాపర్టీస్, అందులో డీటెయిల్స్ తెరిచి ‘డివైస్ ఇన్‌స్టన్స్ పాత్’ చూడండి. వీఐడీ (తయారీదారు నంబర్) 0000, పీఐడీ (పరికరం నంబర్) 0002 అని ఉంటే ప్రింటర్ తన వివరాలే కంప్యూటర్‌కు అందించలేకపోతోంది. ఏ డ్రైవర్ వేయాలో విండోస్‌కు ఎలా తెలుస్తుంది?

నా అనుమానం కేబుల్ మీదే. హబ్, ఎక్స్‌టెన్షన్ తీసేసి, వేరే కేబుల్‌తో సీపీయూ వెనక పోర్టుకు నేరుగా పెట్టండి. యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లు దాటకూడదు. ఎక్స్‌టెన్షన్ పొడవూ ఇందులోకే వస్తుంది.

అయినా మారకపోతే షట్‌డౌన్ చేసి, కంప్యూటర్, ప్రింటర్ రెండింటి పవర్ ప్లగ్గులూ పీకి, సీపీయూ పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టండి. ఇరుక్కున్న పోర్టు కంట్రోలర్ రీసెట్ అవుతుంది. మామూలు రీస్టార్ట్‌తో ఇది జరగకపోవచ్చు. తర్వాత మరో కంప్యూటర్‌లోనూ ఇదే తప్పు చూపిస్తే లోపం ప్రింటర్ పోర్టులోనో బోర్డులోనో ఉన్నట్టే.