కంప్యూటర్ చదివిన అమ్మాయి నల్లకోటు వేసుకుంటానంటోంది

ప్రశ్న: మాది నరసరావుపేట. పత్తి వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తుంటాను. మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ ఆఖరి సంవత్సరం. క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది, వద్దంటోంది. లా చదివి సైబర్ కేసుల్లో ముద్దాయిల తరఫున వాదిస్తుందట. పోయినేడు మా అక్కయ్య కొడుకు మీద సైబర్ కేసు పడింది. స్నేహితుడడిగితే తన బ్యాంకు ఖాతా వాడుకోమని ఇచ్చాడు, అందులో ఎవరెవరో మోసపోయిన డబ్బు వచ్చి పడింది. అమ్మాయి వాళ్ల అత్తయ్యతో కలిసి ప్లీడరు గారి చుట్టూ తిరిగింది. చార్జిషీటు తనే కూర్చుని చదివి, "నాన్నా, లాగిన్ టైము 14:52 అని ఉంది, ఆ రోజు ఆ టైముకి బావ మనింట్లో అన్నం తింటున్నాడు" అంది. ప్లీడరు గారు "కంప్యూటర్ సంగతులు నాకు తెలియవమ్మా, చూద్దాం" అన్నారు. అప్పటినుంచీ అమ్మాయిది ఇదే పట్టు. దొంగల్ని కాపాడే చదువేమిటని ఇంట్లోవాళ్లు అంటున్నారు. ఇది అన్నం పెట్టే వృత్తేనా? దయచేసి చెప్పండి.

జవాబు: నమస్కారమండీ. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సంపాదన గురించీ ఇంట్లోవాళ్ల మాట గురించీ చెబుతాను గానీ, ముందు ఆ 14:52 సంగతి తేల్చాలి. మీ అమ్మాయి కోరుకుంటున్న వృత్తి మొత్తం ఆ ఒక్క అంకెలో ఉంది.

సర్వర్లు చాలావరకు యూటీసీ అనే కాలమానంలో టైము రాసుకుంటాయి. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. ఆ కాగితంలో 14:52 పక్కన ఐఎస్‌టీ (మన భారత కాలమానం) అని ఉందా, యూటీసీ అని ఉందా, ఏమీ లేదా? ఐఎస్‌టీ అయితే అబ్బాయి మీ ఇంట్లో కంచం ముందున్న సమయమే. యూటీసీ అయితే మన లెక్కలో రాత్రి 8 గంటల 22 నిమిషాలు. అప్పుడు అతనెక్కడున్నాడు? పైగా ఎడమచేత్తో ఫోను పట్టుకుని అన్నం తింటూ కూడా లాగిన్ కావచ్చు. కాబట్టి మనింట్లో ఉన్నాడన్న మాటొక్కటే సరిపోదు. ఆ లాగిన్ ఏ ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే నంబరు) నుంచి జరిగింది, ఏ ఫోన్ నుంచి, ఓటీపీ ఏ నంబరుకు వెళ్లింది అన్నది బ్యాంకు రికార్డుల్లో వెతకాలి. వాటిని తెప్పించమని కోర్టును అడగొచ్చు. ఏం అడగాలో తెలిసినవాళ్లు ఉండాలి, అంతే.

ఐపీ అడ్రస్ దొరికినా పని అయిపోదు. మొబైల్ డేటా వాడేవాళ్లలో ఒకే క్షణంలో చాలామంది ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఉంటారు. ఖచ్చితమైన టైము, పోర్టు నంబరు (ఆ ఐపీ వెనక ఒక్కో కనెక్షన్‌ను వేరుచేసే అంకె) రెండూ ఉంటేనే టెలికాం కంపెనీ ఒక మనిషిని వేరుచేసి చెప్పగలదు. యూటీసీ టైమును ఐఎస్‌టీ అనుకుని "ఆ టైములో ఈ ఐపీ ఎవరిది" అని అడిగితే ఐదున్నర గంటల తేడాతో ఇంకెవరి పేరో వస్తుంది. ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2007లో బెంగళూరులో ఒక ఐటీ ఉద్యోగిని, అప్పటి సోషల్ మీడియా సైటు ఆర్కుట్‌లో శివాజీని కించపరిచే పోస్టు పెట్టాడని పుణె పోలీసులు అరెస్టు చేశారు. ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన ఐపీ వివరాలు తప్పు. ఆ పోస్టుతో అతనికి సంబంధమే లేదు. అయినా 50 రోజులు జైల్లో ఉన్నాడు. ఆ 50 రోజుల్లో రికార్డు తీసి సరిచూసే మనిషి ఒకరు ముందే దొరికి ఉంటే అన్న ఆలోచన నాకు ఇప్పటికీ వస్తుంటుంది.

అందుకే "దొంగల్ని కాపాడే చదువు" అన్న మాట నేను ఒప్పుకోను. అరెస్టయిన ప్రతి మనిషికీ తనకు నచ్చిన న్యాయవాదిని పెట్టుకునే హక్కు రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చింది. నేరం చేసినవాడికీ ఆ హక్కుంది. మీ మేనల్లుడి విషయం కూడా దాచకుండా మాట్లాడుకుందాం. ఖాతా ఇంకొకరి చేతికివ్వడం తప్పే. కమీషన్ తీసుకుని ఉంటే ఇంకా ఇబ్బంది. కానీ మోసం సొమ్మని తెలిసి ఇచ్చాడా, స్నేహితుణ్ని నమ్మి ఇచ్చాడా అన్నదే అసలు కేసు. ఆ తేడా వాట్సాప్ చాట్‌లో, లాగిన్ రికార్డులో, డబ్బు వచ్చిన ఎన్ని నిమిషాలకు ఎటు వెళ్లిందో చెప్పే స్టేట్‌మెంటులో ఉంటుంది. నిజం అతనికి అనుకూలంగానే ఉంటుందని నేను చెప్పలేను. ఉన్నదాన్ని ఉన్నట్టు కోర్టు ముందు పెట్టాలి. ఫోన్లో ఏదైనా చెరపమని సలహా ఇచ్చేవాడు వకీలు కాడు, ఇంకో ముద్దాయి. అమ్మాయికి ఇది మొదటి రోజునుంచే తెలియాలి.

ఇక ఆమె చేతిలో ఇప్పటికే ఏముందో చూద్దాం. ఒక ఫొటో ఫైలును ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్కలో వేస్తే 64 అక్షరాల వరుస ఒకటి వస్తుంది. దాన్నే హాష్ వాల్యూ అంటారు. ఆ ఫొటోలో ఒక్క చుక్క రంగు మార్చి మళ్లీ లెక్క వేయండి, వరుస మొత్తం గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. మీ అమ్మాయి ఇది కాలేజీ ల్యాబ్‌లో చేసే ఉంటుంది. కోర్టులో దీని విలువేమిటంటే, పోలీసులు ఫోను స్వాధీనం చేసుకున్న రోజు రాసుకున్న హాష్, ల్యాబ్ రిపోర్టులోని హాష్ ఒకటైతే ఆ డేటాను మధ్యలో ఎవరూ ముట్టుకోలేదని అర్థం. తేడా వస్తే ఎందుకొచ్చిందో చెప్పాల్సింది ప్రాసిక్యూషన్. అసలు పంచనామాలో హాష్ రాయనే లేదంటే మొదటి ప్రశ్న అక్కడే పుడుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ నమూనాలోనే హాష్ వాల్యూకు చోటు పెట్టారు. ఆ సర్టిఫికెట్‌లో ఒక భాగం డేటా ఇచ్చేవాళ్లు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి.

ఈ సర్టిఫికెట్ కథ అమ్మాయి బాగా చదవాలి. పాత ఎవిడెన్స్ చట్టంలో ఇది 65బి. కేరళ ఎన్నికల వివాదమైన అన్వర్ వర్సెస్ బషీర్‌లో ప్రసంగాల, పాటల సీడీలు తెచ్చారు గానీ సర్టిఫికెట్ లేదు. 2014లో సుప్రీంకోర్టు వాటిని సాక్ష్యంగా తీసుకోనంది. మధ్యలో ఇంకో తీర్పు కొంత సడలించింది. 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో ముగ్గురు జడ్జీల బెంచి సర్టిఫికెట్ తప్పనిసరి అని మళ్లీ ఖాయం చేసింది. అసలు పరికరాన్నే దాని యజమాని కోర్టుకు తెచ్చి సాక్ష్యమిస్తే అక్కర్లేదంది. కానీ చాలామంది కొత్త లాయర్లు ఇక్కడే బోర్లాపడతారు. "సర్టిఫికెట్ లేదు, కేసు కొట్టేయండి" అని ఆ ఒక్క వాదన మీదే కూర్చుంటారు. అదే 2020 తీర్పు ప్రకారం విచారణ ముగిసేలోపు సర్టిఫికెట్ తెప్పించుకునే వీలుంది. కాగితం లేదని కాకుండా, కాగితంలో ఏముందో చదివి వాదించే మనిషి కావాలి.

ముద్దాయికి ఉన్న ఇంకో పెద్ద హక్కు కాపీ. చార్జిషీటు, దానితో పెట్టిన పత్రాలు ఉచితంగా ఇవ్వాలి. మెమరీ కార్డులోని డేటా కూడా పత్రమేనని 2019లో సుప్రీంకోర్టు కేరళలోని లైంగిక దాడి కేసు ఒకదానిలో చెప్పింది. మామూలుగా అయితే ముద్దాయికి దాని క్లోన్ కాపీ, అంటే అచ్చు నకలు, ఇవ్వాలి. ఆ కేసులో బాధితురాలి మర్యాద దృష్ట్యా కాపీ ఇవ్వకుండా, నిపుణుడితో కలిసి వచ్చి చూసుకోనిచ్చారు. ఈ తీర్పు నాకు చాలా ఇష్టం. ముద్దాయి హక్కునూ బాధితురాలి గౌరవాన్నీ రెండిటినీ తూచింది. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు ఆ తూకం రావాలి. ఎందుకంటే రేపు వచ్చే కేసుల్లో కొన్ని ఆడపిల్లల ఫొటోలతో బెదిరించినవాళ్లవి కూడా ఉంటాయి.

మీ అమ్మాయికి లేనిది క్రిమినల్ ప్రొసీజర్. రిమాండ్ రిపోర్టు (అరెస్టయినవాణ్ని కస్టడీకి పంపమని పోలీసులు కోర్టుకిచ్చే కాగితం) చదవడం, బెయిల్ పిటిషన్ రాయడం, సాక్షిని క్రాస్ చేయడం. ఐటీ చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గిన అధికారి ఆ చట్టం కింద దర్యాప్తు చేయకూడదు. సోదా జరిగితే వీడియో తీయాలని పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్ష సంహిత 105వ సెక్షన్ అంటోంది. ఐటీ చట్టం 66డి, అంటే కంప్యూటర్ వాడుకుని వేరేవాళ్లలా నటించి మోసం చేయడం, మూడేళ్ల దాకా శిక్ష, బెయిలబుల్. దానికి పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని మోసం సెక్షన్ 318(4) కలిపితే ఏడేళ్ల దాకా శిక్ష, నాన్ బెయిలబుల్. ఏ సెక్షన్ ఎందుకు కలిపారన్నది పట్టుకోవడానికి పుస్తకం చాలదు, మంచి క్రిమినల్ సీనియర్ దగ్గర కూర్చోవాలి. నా ఉద్దేశంలో మొదటి నాలుగేళ్లు సైబర్ కేసులే కావాలని అడక్కూడదు. దొంగతనం, కొట్లాట, చెక్ బౌన్స్, ఏది వస్తే అది చేయాలి. సాక్షిని ప్రశ్నించడం రానివాళ్లకు హాష్ తెలిసినా ఉపయోగం లేదు.

దారి ఇదీ. ఏదైనా డిగ్రీలో 45 శాతం మార్కులుంటే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి ఏపీ లాసెట్ రాయొచ్చు (రిజర్వేషన్ వర్గాలకు ఇంకా తక్కువ). 120 మార్కులు, 90 నిమిషాలు, అందులో సగం లా మీదే. గరిష్ఠ వయసు లేదు. నల్సార్, విశాఖలోని దామోదరం సంజీవయ్య వర్సిటీ క్లాట్ అనే ప్రవేశ పరీక్షతో తీసుకునేది ఇంటర్ తర్వాతి ఐదేళ్ల కోర్సుకు, కనుక మీరు ఆ వైపు చూడక్కర్లేదు. విశాఖ ఆంధ్ర యూనివర్సిటీలోని అంబేడ్కర్ లా కాలేజీ, మీకు దగ్గర్లో నాగార్జున వర్సిటీ చూడండి. దూరవిద్యలో లా వద్దు, దానితో బార్ కౌన్సిల్‌లో లాయరుగా ఎన్‌రోల్ కాలేరు. మూడునెలల "సైబర్ లా" సర్టిఫికెట్‌కు వేలకు వేలు కట్టమని ఫోన్లు వస్తాయి, ఒక్క రూపాయి పెట్టకండి. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు జనరల్ వాళ్లకు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125 దాటకూడదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత ఆలిండియా బార్ పరీక్ష.

సంపాదన గురించి మిమ్మల్ని మభ్యపెట్టను. నా దగ్గర సలహా తీసుకుని లా చదివిన అబ్బాయొకడు నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీస్ చేస్తున్నాడు. మొదటి మూడేళ్లు సీనియర్ ఇచ్చింది బస్ పాసుకూ టిఫినుకూ సరిపోయేదట. నాలుగో ఏడు నుంచి సొంత కేసులు. ఇప్పుడు తోటి లాయర్లు కాల్ రికార్డులు, బ్యాంకు లాగ్‌లు (లాగిన్ల రికార్డులు) పట్టుకుని అతని దగ్గరికే వస్తారు. జిల్లాల్లో న్యాయసేవాధికార సంస్థలు పేద ముద్దాయిల కోసం నడిపే లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ పథకంలో కొత్త లాయర్లకూ చోటుంది. జీతం కొద్దిపాటిదే, కానీ నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

అందుకే నా సలహా మీ అమ్మాయికి నచ్చకపోవచ్చు. క్యాంపస్ ఉద్యోగం వదలొద్దు. రెండేళ్లు చేయనివ్వండి. వీలైతే సైబర్ సెక్యూరిటీ టీమ్‌లోకి మారమనండి, రోజంతా లాగ్‌లు చదివే పని అది. మూడేళ్ల లా చదువుకూ, ఆ తర్వాత వచ్చే గడ్డు మూడేళ్లకూ సరిపడా కొంత వెనకేసుకుంటుంది. ఉద్యోగం చేస్తూ రెగ్యులర్ లా కుదరదు, లాయరుగా ఎన్‌రోల్ అయ్యాక జీతం ఉద్యోగం చేయకూడదు. కాబట్టి ఈ వరుసే మంచిది. కోర్టులో వాదించడం కంటే పరికరాన్ని విప్పి చూడటమే ఇష్టమైతే ఇంకో దారి ఉంది. గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో డిజిటల్ ఫోరెన్సిక్స్ ఎమ్మెస్సీ చేస్తే, హైదరాబాద్ రామంతాపూర్‌లోని కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్ లాంటి చోట్ల ఉద్యోగాలకు పోటీ పడొచ్చు, డిఫెన్స్ తరఫున ప్రైవేటు నిపుణురాలిగా రిపోర్టు కూడా రాయొచ్చు. అయితే మీ ఉత్తరం చదివితే ఆమె మనసు కోర్టు మీదే ఉన్నట్టుంది.

ఇక ఈ మాట అమ్మాయికి చూపించండి. తల్లీ, నువ్వు 14:52ను పట్టుకున్నావు, చాలా సంతోషం. ఇప్పుడు ప్లీడరు గారిని అడిగి చార్జిషీటు కాపీ మళ్లీ తీసుకో. తెల్లకాగితం మీద నాలుగు గళ్లు గీయి. మొదటి దాంట్లో కాగితంలో ఉన్న టైము, రెండో దాంట్లో దానికి ఐదున్నర గంటలు కలిపిన టైము, మూడో దాంట్లో ఐపీ, నాలుగో దాంట్లో ఆ రెండు టైముల్లో బావ ఎక్కడున్నాడో నీకు ఖాయంగా తెలిసింది. తెలియకపోతే ఖాళీగా వదిలెయ్, ఊహించి నింపకు. అన్ని లాగిన్లూ అలా రాశాక ప్లీడరు గారి దగ్గరికి వెళ్లి, బ్యాంకు ఈ టైములు ఏ కాలమానంలో ఇచ్చిందో కోర్టు ద్వారా అడగొచ్చా అని మెల్లగా అడుగు. ఆయన కంప్యూటర్ తెలియదన్నారు గానీ చూద్దామన్నారు కదా. కాగితం నచ్చితే తన పక్కన కూర్చోబెట్టుకుని రిమాండ్ రిపోర్టు ఎలా చదవాలో నీకు చూపిస్తారు.