మా తర్వాత మా అబ్బాయి సంగతేంటి?

ప్రశ్న: రైల్వేలో చేసి రిటైరయ్యాను, 71 ఏళ్లు. మా అబ్బాయికి 36, బుద్ధిమాంద్యం 75 శాతం అని సదరం సర్టిఫికెట్ ఉంది. మా ఆవిడకి షుగర్, మోకాళ్ల నొప్పులు. పెళ్లయిన అమ్మాయి "తమ్ముణ్ణి నేను చూసుకుంటా నాన్నా" అంటోంది. ఇల్లు తన పేరున రాసేస్తే సరిపోతుందా?

జవాబు: తొందరపడి రాసేయకండి సార్. మీ అమ్మాయి మాట మీద నాకు అనుమానం లేదు, కానీ రిజిస్ట్రేషన్ అయిన రోజు నుంచి ఇల్లు ఆమెది, తమ్ముణ్ణి చూడాలన్న మాట కాగితంలో ఉండదు, రేపు ఆమెకే ఏదైనా అయితే ఇల్లు అల్లుడికీ పిల్లలకీ వెళ్తుంది, అబ్బాయి పేరు ఎక్కడా రాదు. అలాగని ఏమీ రాయకుండా వదిలేసినా కష్టమే. హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ ఆవిడకి, అమ్మాయికి, అబ్బాయికి సమాన వాటాలొస్తాయి, వైకల్యం ఉందని వాటా పోదు (సెక్షన్ 28 లో ఉంది), కానీ ఆ వాటాకి సంతకం పెట్టేదెవరు?

అందుకే ముందు గార్డియన్ సంగతి. కొడుక్కి 18 నిండాక మీరు చట్టం దృష్టిలో గార్డియన్ కారు, ఇది చాలామందికి బ్యాంకుకి వెళ్లాకే తెలుస్తుంది. నా దగ్గరికొచ్చిన ఒకావిడ కొడుక్కి పెన్ను పట్టుకోవడం రాదు, బ్యాంకులో మాత్రం అతనే సంతకం పెట్టాలి లేదా గార్డియన్ సర్టిఫికెట్ తేవాలి అన్నారట. ముప్పై ఏళ్లు చేత్తో అన్నం తినిపించిన తల్లి "మళ్లీ నేను గార్డియన్ అని ఎవరు రాసివ్వాలండీ" అని నన్నడిగింది.

రాసిచ్చేది 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే లోకల్ లెవెల్ కమిటీ. కోర్టు అక్కర్లేదు, మీరిద్దరూ కలిసి అప్లై చేయండి. గార్డియన్ అయ్యాక 6 నెలల్లో అబ్బాయి ఆస్తుల లిస్టు ఇవ్వాలి, ఏటా లెక్కలు చూపాలి, నిర్లక్ష్యం చేస్తే కమిటీ తీసేయగలదు. ఈ చట్టంలో బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలు వస్తాయి, డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) ఒక్కటే ఉంటే రాదు, వాళ్లకి 2016 వికలాంగుల హక్కుల చట్టంలో పరిమిత గార్డియన్ (కొన్ని నిర్ణయాలకే తోడుండే గార్డియన్) పద్ధతి వేరే ఉంది. మీ తర్వాత గార్డియన్ గా అమ్మాయి మళ్లీ అప్లై చేసుకోవాలి, కాబట్టి అదే మీ కోరిక అని వీలునామాలో రాయండి.

ఇక ఇల్లు, డబ్బు. నేనైతే ప్రైవేట్ ట్రస్టే పెట్టమంటాను, అంటే ఆస్తిని ఒకరి మేలు కోసం ట్రస్టీలు చూసుకునే ఏర్పాటు, లబ్ధిదారు అబ్బాయి, ట్రస్టీలు అమ్మాయితో పాటు మీ వైపు నమ్మకమైన ఇంకొకరు, ఇద్దరూ సంతకం పెడితేనే డబ్బు కదలాలి. చూసుకునే మనిషి, లెక్క చూసే మనిషి ఒక్కరే అయితే ఎంత మంచివాళ్లకైనా అది భారం, చుట్టాల మాటలకి కూడా చోటిచ్చినట్టే. అబ్బాయి ఉన్నంతకాలం ఇల్లు అతని అవసరానికే, తర్వాత మనవలకి అని రాయొచ్చు. ఈ ట్రస్టుని వీలునామాలోనే పెట్టొచ్చు. వీలునామాకి ఇద్దరు సాక్షులు తప్పనిసరి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించండి.

పెన్షన్ విషయం మర్చిపోవద్దు. సంపాదించుకోలేని వికలాంగ సంతానానికి, మీరూ మీ ఆవిడా తర్వాత, జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. మీరుండగానే అబ్బాయి పేరు పీపీఓలో (మీ పెన్షన్ చెల్లింపు ఉత్తర్వులో) ఎక్కించండి, మీరు లేనప్పుడు ఆ కాగితాల కోసం తిరగడం అమ్మాయికి నరకం. నేషనల్ ట్రస్ట్ వాళ్ల ఆరోగ్య బీమా అయిన నిరామయ పాలసీలో లక్ష వరకు వైద్యం ఖర్చు ఇస్తారు, అదీ తీసుకోండి.

ఇది చట్టంలో లేదు కానీ ఒక నోటుబుక్ పెట్టండి. ఏ మాత్ర ఎప్పుడు, ఏం తినడు, కరెంటు పోతే భయపడతాడా, ఏం చేస్తే నిద్రపోతాడు, నొప్పొస్తే ఎలా చూపిస్తాడు... ఇవన్నీ మీ ఆవిడ తలలోనే ఉన్నాయి, ఆవిడ చెప్తుంటే మీరు రాయండి. ఈసారి అమ్మాయి వచ్చినప్పుడు అల్లుణ్ణి కూడా కూర్చోబెట్టి మాట్లాడండి, అబ్బాయిని పక్క గదిలోకి పంపకండి, ఎవరి దగ్గర ఉండాలనుందో తన తీరులో తను చెప్పగలిగితే అది కూడా అదే పుస్తకంలో రాసిపెట్టండి.