చిరుత ‘స్పిరిట్ యానిమల్’ అంటే ఏమిటి?

తన స్పిరిట్ యానిమల్ (మన స్వభావానికి ప్రతీకగా భావించే జంతువు) చిరుత అని స్నేహితురాలు చెప్పిందని, దాని అర్థమేమిటని ఒకరు అడిగారు.

ముందు జంతువు సంగతి. చిరుత ఒంటరిగా తిరుగుతుంది, ఎక్కువగా రాత్రిపూట వేటాడుతుంది. పులికి, సింహానికి ఎదురుపడదు, పక్కకు తప్పుకుంటుంది. చంపిన జంతువును చాలాసార్లు చెట్టెక్కించి దాచుకుంటుంది. దట్టమైన అడవే కావాలని పట్టుబట్టదు. ముంబయిలో సంజయ్ గాంధీ నేషనల్ పార్క్ అంచున వీధికుక్కలను తిని బతికేస్తోంది. 2023లో తిరుమల నడకదారిలో చిరుతల టెన్షన్‌తో భక్తులకు కర్రలు ఇచ్చిన సంగతి మనకు గుర్తే. 2022 అంచనాలో దేశంలో 13,874 చిరుతలు తేలాయి. (నల్ల చిరుత వేరే జాతి కాదు. వెలుతురులో దగ్గరగా చూస్తే మచ్చలు కనిపిస్తాయి. మధ్యప్రదేశ్‌లోని కూనో నేషనల్ పార్క్‌కు తెచ్చిన చీతా మాత్రం వేరే జంతువు.)

ఓర్పు, ఏకాంతం, కంటపడకుండా పని పూర్తిచేసే నేర్పు అనే అర్థాలు ఈ అలవాట్ల నుంచే వచ్చాయి. ఆన్‌లైన్ క్విజ్‌లు చెప్పేదీ అదే, వాటిని నేను పెద్దగా పట్టించుకోను. సంప్రదాయాల్లో ఉన్నది ఇంకా లోతైనది. ఇప్పటి నైజీరియాలోని పాత బెనిన్ రాజ్యంలో రాజును ‘ఓబా’ అంటారు. అడవికి చిరుత ఎలాగో ఊరికి ఓబా అలాగన్నమాట. చిరుతను బలి ఇచ్చే హక్కు ఆయనకే ఉండేది.

మహారాష్ట్రలో వార్లీ గిరిజనులు పులినీ చిరుతనూ కలిపి ‘వాఘోబా’ అనే దేవుడిగా కొలుస్తారు. ఏటా పూజ చేస్తే తమను, పశువులను కాపాడతాడని నమ్ముతారు.