శిలాజాల మీది ఇష్టం చదువుగా మారాలంటే

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అమ్మాయి ఈ ఏడాది పదో తరగతి పూర్తి చేస్తోంది. కొంతకాలంగా దానికి శిలాజాలంటే విపరీతమైన ఆసక్తి పట్టుకుంది. విదేశాల్లో ఔత్సాహికులు జరుపుకునే శిలాజ ఉత్సవాల వీడియోలు చూస్తుంది, కొత్త డైనోసార్ దొరికిందన్న వార్త వస్తే కత్తిరించి పుస్తకంలో అంటిస్తుంది. ఈమధ్య మేడ మీద పరచడానికి తెప్పించిన మాచర్ల నాపరాయి పలక మీద ఫెర్న్ ఆకులాంటి నల్లటి ముద్ర కనిపిస్తే, అది శిలాజమేనని పట్టుబట్టి ఆ పలకను పక్కన పెట్టించింది. బైపీసీలో చేర్చి నీట్ కోచింగ్ ఇప్పించాలని మా ఆలోచన. ఈ ఆసక్తికి చదువు, ఉద్యోగం అంటూ ఏమైనా ఉన్నాయా, లేక కాలక్షేపంగానే ఉంచుకోమని చెప్పాలా?

జవాబు: ముందుగా ఆ పలక సంగతి తేల్చుకుందాం. మాచర్ల, పిడుగురాళ్ల ప్రాంతాల నాపరాళ్ల మీద కనిపించే ఇలాంటి ఆకుల బొమ్మలు శిలాజాలు కావు. రాతి పొరల మధ్య పగుళ్లలోకి ఇంకిన నీటి నుంచి మాంగనీసు, ఇనుము ఆక్సైడ్లు కొమ్మలు కొమ్మలుగా పేరుకోవడం వల్ల ఏర్పడిన మరకలవి. భూవిజ్ఞానులు వీటిని డెండ్రైట్లు అంటారు. పల్నాటి సున్నపురాయి 54 కోట్ల సంవత్సరాలకు పూర్వపు ప్రొటెరోజోయిక్ కాలానిది. ఫెర్న్ మాట అటుంచి, ఆకులున్న మొక్క అన్నదే అప్పటికి నేల మీద లేదు. అయితే ఈ సంగతి మీ అమ్మాయికి తీర్పులా చెప్పకండి. ఒక భూతద్దం ఇచ్చి, ఆ ముద్రలో నడిమి ఈనె ఉన్నదేమో, దానికి ఏమైనా మందం ఉన్నదేమో, కొమ్మలు పలక అంచు నుంచో పగులు గీత నుంచో మొదలయ్యాయేమో తననే చూడమనండి. పలకను మాత్రం పారేయనివ్వకండి. శిలాజంలా కనిపించే శిలాజం కానిదాన్ని ఎలా గుర్తించాలో నేర్పడానికి అంతకంటే మంచి నమూనా దొరకదు.

ఇలా పొరబడటం పిల్లలకే పరిమితం కాదు. మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా గుహల పైకప్పు మీద 50 కోట్ల సంవత్సరాలకు పైబడిన డికిన్సోనియా అనే ప్రాచీన జీవి ముద్ర కనిపించిందని 2021లో ఒక పరిశోధన బృందం ప్రకటించింది. మరో బృందం వెళ్లి అదే చోట పరిశీలించి, అది రాలిపోయిన తేనెపట్టు మిగిల్చిన గుర్తు అని 2023లో తేల్చింది. మొదటి బృందం కూడా ఆ వాదనను అంగీకరించింది. ఈ రంగంలో నిలబడేవారికి ఉత్సాహం ఎంత అవసరమో, తన మాటను వెనక్కి తీసుకోగలిగే ఓర్పూ అంతే అవసరం. మీ అమ్మాయిలో అది ఉందో లేదో ఆ పలకే మీకు చూపిస్తుంది.

ఇక మన ప్రాంతం గురించి. ఇంద్రకీలాద్రి, మంగళగిరి, కొండపల్లి కొండల్లో శిలాజాలు వెతకడం వృథా ప్రయాస. అవి భూగర్భంలో తీవ్రమైన వేడికీ ఒత్తిడికీ లోనైన ఖోండలైట్, చార్నోకైట్ వంటి రాళ్లు. శిలాజాలు సాధారణంగా బురద, ఇసుక, సున్నం పొరలు పొరలుగా పేరుకున్న అవక్షేప శిలల్లోనే నిలుస్తాయి. అలాంటి శిలలు మనకు మరీ దూరంలోనూ లేవు. నూజివీడు సమీపంలోని గొల్లపల్లి ఇసుకరాళ్లలోను, ఒంగోలు ప్రాంతంలోని వేమవరం పొరల్లోను తొలి క్రెటేషియస్ కాలపు, అంటే పది కోట్ల సంవత్సరాలకు పైబడిన మొక్కల ముద్రలు పందొమ్మిదో శతాబ్దం నుంచే శాస్త్ర గ్రంథాల్లో నమోదై ఉన్నాయి. తను పలక మీద చూశాననుకున్న ఆకు నిజంగా కనిపించే చోట్లు అవి. రాజమహేంద్రవరం వద్ద గోదావరికి ఇరువైపులా కాతేరు, పంగిడి, దుద్దుకూరు ప్రాంతాల్లో లావా ప్రవాహాల మధ్య చిక్కుకుపోయిన సున్నపురాతి పొరల్లో సముద్రపు నత్తగుల్లలు, ఆల్చిప్పలు దొరికాయి. బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గం గుహల్లో భూవిజ్ఞాని రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు 1880లలో తవ్వి, అంతరించిన జంతువుల ఎముకలు వెలికితీశారు. కడప జిల్లా వేంపల్లె రాళ్లలోని స్ట్రొమటోలైట్లు సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన నిర్మాణాలు. వాటి ముందు డైనోసార్లు నిన్నమొన్నటివి. అన్నట్టు, మీ పూజామందిరంలో గండకీ నది సాలగ్రామం ఉంటే, అందులోని చక్రం చాలావరకు అమ్మోనైట్ అనే సముద్రజీవి గుల్ల తాలూకు ముద్రే.

డైనోసార్ అస్థిపంజరాన్ని కళ్లారా చూడాలంటే హైదరాబాద్ బి.ఎం. బిర్లా సైన్స్ సెంటర్‌కు ఒకసారి తీసుకువెళ్లండి. అక్కడ నిలబెట్టిన కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ ప్రాణహిత-గోదావరి లోయలోని యామన్‌పల్లి పేరు మోస్తున్న జీవి. దాన్ని 1988లో శాస్త్రలోకానికి పరిచయం చేసినవారు భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి. ఆ లోయలోనే దొరికిన బారాపాసారస్ టాగోరై అనే మరో డైనోసార్ కోల్‌కతాలోని భారత గణాంక సంస్థలో ఉంది. రవీంద్రుని శతజయంతి నాటి తవ్వకం కనుక దానికి ఆయన పేరు పెట్టారు.

మీ అమ్మాయి చూస్తున్న ఉత్సవాల విషయానికి వస్తే, అవి ఉత్త తిరునాళ్లు కావు. ఇంగ్లండులో మేరీ యానింగ్ శిలాజాలు ఏరిన లైమ్ రీజిస్ తీరంలో శిలాజ ఉత్సవం జరుగుతుంది. అమెరికాలో జాతీయ ఉద్యానవనాల శాఖ 2010 నుంచి అక్టోబరు నెలలో జాతీయ శిలాజ దినం నిర్వహిస్తోంది. ఇలాంటి చోట్ల ఔత్సాహికుడు తన దగ్గరున్న రాయిని మ్యూజియం నిపుణుడి ముందు పెట్టగలుగుతాడు, నిపుణుడికి తాను తిరగలేని తీరాల సమాచారం అందుతుంది. 2020లో సోమర్సెట్ తీరంలో పదకొండేళ్ల రూబీ రేనాల్డ్స్‌కు ఒక పెద్ద ఎముక ముక్క కనిపించినప్పుడు, ఆమె, తండ్రి కలిసి దాన్ని అలంకరణ వస్తువుగా దాచుకోకుండా నిపుణులకు తెలియజేశారు. అది సుమారు పాతిక మీటర్ల పొడవు ఉండి ఉంటుందని అంచనా వేసిన ఇక్తియోటైటన్ అనే సముద్ర సరీసృపానిదని 2024లో ప్రకటించిన పరిశోధన పత్రంలో ఆ ఇద్దరి పేర్లూ రచయితలుగా ఉన్నాయి.

తల్లిదండ్రులు తెలుసుకోవలసిన మరో ఉదంతం చార్నియా అనే శిలాజానిది. 1956లో ఇంగ్లండులోని చార్న్‌వుడ్ అడవి రాళ్ల మీద పదిహేనేళ్ల టీనా నెగస్ ఒక ఆకు ముద్రలాంటిది చూసి టీచరుకు చెబితే, అంత పాత రాళ్లలో శిలాజాలు ఉండవని ఆ టీచరు కొట్టిపారేశారు. మరుసటి ఏడాది అదే ముద్ర రోజర్ మేసన్ అనే విద్యార్థి కంటపడింది. అతడు దాని మీద కాగితం పెట్టి అచ్చు తీసి తండ్రికి చూపగా, ఆయన తనకు తెలిసిన భూవిజ్ఞాని ట్రెవర్ ఫోర్డ్‌కు విషయం చేరవేశారు. 1958లో దానికి చార్నియా మేసొనై అని పేరు పెట్టారు. ఆ కుర్రవాడు తరువాత భూవిజ్ఞాన ఆచార్యుడయ్యాడు. ఇద్దరు పిల్లలూ చూసింది ఒకే రాయిని. తేడా వచ్చింది విన్నవారి దగ్గర. మీ అమ్మాయి చూసిన పలక శిలాజం కాకపోవచ్చు గాని, రేపు చూడబోయేదాన్ని కూడా చూడకుండానే కాదనేయకండి.

మన దేశంలోనూ ఇందుకు ఉదాహరణ ఉంది. మధ్యప్రదేశ్ ధార్ జిల్లాలో పాఠశాల ఉపాధ్యాయుడైన విశాల్ వర్మ ఏళ్ల తరబడి నర్మదా లోయలో తిరుగుతూ డైనోసార్ గుడ్లను గుర్తించారు. 92 గూళ్లలోని 256 గుడ్లను వివరిస్తూ 2023లో వెలువడిన పత్రంలో ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యులు గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్ తదితరులతో పాటు ఆయన కూడా రచయిత. ఆ ప్రసాద్ గారే 1988లో అశోక్ సాహ్నితో కలిసి, ఇప్పటి తెలంగాణలోని నస్కల్ దగ్గర దొరికిన పళ్ల ఆధారంగా భారతదేశపు తొలి క్రెటేషియస్ క్షీరదాన్ని ప్రకటించారు. దొరికినవి మిల్లీమీటర్ల లెక్కన కొలిచే పళ్లు. శిలాజ పరిశోధన అంటే సుత్తి పట్టుకుని పెద్ద ఎముకలు తవ్వడమే అనుకునే పిల్లలకు ఈ మాట ముందే చెప్పడం మేలు. ఎక్కువ పని బస్తాల కొద్దీ మట్టిని జల్లెడ పట్టి, సూక్ష్మదర్శిని ముందు కూర్చుని ఏరడంలోనే ఉంటుంది.

గుంటూరులో అలాంటి ఉత్సవం కోసం ఎదురుచూడనవసరం లేదు. పాఠశాల విజ్ఞాన ప్రదర్శనలో ఒక బల్ల కేటాయించమని అడిగి, ఎవరి ఇంట్లోని వింత రాయిని వారు తెచ్చుకునే ఏర్పాటు చేసి, భూవిజ్ఞానం చెప్పే అధ్యాపకుణ్ణి ఒకరిని పిలిస్తే చాలు. సూర్యలంక బీచ్‌కు వెళ్లినప్పుడు గుల్లలను ఏరి రకాల వారీగా విడదీసి, ఏవి విరిగాయి, ఏవి అరిగాయి, ఏవి చెక్కుచెదరలేదు అన్నది నోటుపుస్తకంలో రాయమనండి. జీవి చనిపోయాక దానిలో ఏ భాగం రాతిలో మిగులుతుందన్న ప్రశ్నకు అదే మొదటి పాఠం. ప్రతి వస్తువుకూ ఒక సంఖ్య, దొరికిన చోటు, తేదీ, ఏ పొరలో ఏ పక్కకు ఉంది, తీయకముందు స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటో ఉండాలి. చోటు తెలియని శిలాజానికి శాస్త్రంలో విలువ దాదాపు పోయినట్టే. హిమాలయాల్లో దొరికినట్టు పత్రాలకెక్కిన అనేక శిలాజాలు నిజానికి ఎక్కడెక్కడివో అన్న అనుమానం 1989లో బయటపడటంతో ఏళ్ల నాటి పరిశోధన ఫలితాలే సందేహాస్పదమయ్యాయి.

ఇందులో కొన్ని హద్దులున్నాయి. లారీలు తిరిగే, పేలుళ్లు జరిగే క్వారీల్లోకి అనుమతి లేకుండా, పెద్దవారి తోడు లేకుండా పంపకండి. అటవీ భూముల్లోను, రక్షిత స్థలాల్లోను రాయి కూడా తీయకూడదు. ప్రైవేటు భూమిలో రైతు అనుమతి కావాలి. ఎముకలాంటిది కనిపిస్తే తవ్వకుండా ఫొటో, స్థలం వివరాలతో భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ హైదరాబాద్ కార్యాలయానికో, విశ్వవిద్యాలయ విభాగానికో రాయడమే సరైన పద్ధతి. ఆన్‌లైన్‌లో అమ్మే శిలాజాలను కొనివ్వకండి. వాటిలో నకిలీలకు కొదవ లేదు.

ఉద్యోగాల విషయంలో ఉన్నమాట చెప్పాలి. పురాజీవ శాస్త్రవేత్త, అంటే శిలాజాలను అధ్యయనం చేసే నిపుణుడు, అన్న హోదాతో మన దేశంలో ఉన్న కొలువులు చాలా తక్కువ. కాబట్టి మీ అమ్మాయి ఎంచుకోవలసింది భూవిజ్ఞానం. పురాజీవశాస్త్రం అందులో ఒక శాఖ. పీజీ తరువాత యూపీఎస్సీ నిర్వహించే కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్ష ద్వారా సర్వేక్షణ సంస్థలో జియాలజిస్టుగా చేరవచ్చు. అది గ్రూప్-ఎ ఉద్యోగం, ఏడో వేతన సంఘం లెక్కన ప్రారంభ మూలవేతనం రూ.56,100. ఓఎన్‌జీసీ వంటి సంస్థలు గేట్ స్కోరు ఆధారంగా జియాలజిస్టులను తీసుకున్నాయి. చమురు బావుల తవ్వకంలో పైకి వచ్చే రాతిపొడిలోని ఫొరామినిఫెరా అనే సూక్ష్మ శిలాజాలను బట్టి పొరల వయసు నిర్ణయిస్తారు. కృష్ణా-గోదావరి బేసిన్ మన కాళ్ల కిందే ఉంది గనుక ఈ పని మనకు పరాయిది కాదు. రాజమహేంద్రవరం క్వారీల్లో గెర్టా కెల్లర్ అనే భూవిజ్ఞాని బృందం, డైనోసార్లు అంతరించిన కాలపు సరిహద్దు లావా ప్రవాహాల మధ్య ఎక్కడ ఉందో గుర్తించింది కూడా ఆ సూక్ష్మ శిలాజాలతోనే. పరిశోధన వైపు వెళ్లేవారికి లక్నోలోని బీర్బల్ సాహ్ని పురావిజ్ఞాన సంస్థ, డెహ్రాడూన్‌లోని వాడియా హిమాలయ భూవిజ్ఞాన సంస్థ, సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ ఫెలోషిప్ ఉన్నాయి. కానీ పీహెచ్‌డీ వరకు ఓపిక పట్టాలి. ఇరవై మూడేళ్లకే సంపాదన మొదలు కావాలన్న అవసరం మీ ఇంట్లో ఉంటే ఆ మాట ఇప్పుడే ఆమెతో అనండి.

చివరకు మీరు ఈ వేసవిలో తేల్చవలసింది ఇంటర్ గ్రూపు ఒక్కటే. బైపీసీ తీసుకున్నంత మాత్రాన ఈ దారి మూసుకుపోదు. వెన్నెముక గల జంతువుల శిలాజాలు చదవాలంటే జీవశాస్త్రం పెద్ద ఆసరా. ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో జియాలజీ పీజీ ఉంది. డిగ్రీలో జియాలజీ చదివి జామ్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే ఐఐటీల్లో ఎమ్మెస్సీ చేయవచ్చు. ఇంటర్ కాగానే ఖరగ్‌పూర్, రూర్కీ ఐఐటీల భూవిజ్ఞాన కోర్సుల్లో చేరాలంటే మాత్రం గణితం తప్పనిసరి గనుక ఎంపీసీ కావాలి. నా ఉద్దేశంలో ఆమెకు తగిన లక్ష్యం తిరుపతిలోని భారత విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ (ఐసర్)లో ఉన్న భూ, వాతావరణ విజ్ఞాన విభాగం. దానికి రెండు గ్రూపులవారూ అర్హులే. అయితే ప్రవేశ పరీక్ష ఐఏటీలో జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితం, భౌతికశాస్త్రం ఒక్కొక్కదాని నుంచి 15 చొప్పున 60 ప్రశ్నలు వస్తాయి. నీట్ కోచింగులో గణితం ఉండదు. అందువల్ల బైపీసీలో చేర్చే పక్షంలో, వారానికి రెండు మూడు గంటలైనా ఇంటర్ గణితం విడిగా చెప్పించే ఏర్పాటు కాలేజీలో చేర్చేటప్పుడే చూసుకోండి. రెండో సంవత్సరం చివర్లో మొదలుపెడితే అందదు.